వాటుకు తూకం: ఇంటి స్టీరియో యాంప్లిఫయర్‌ను కొలిచే పద్ధతి

(విజయవాడలో ఆడియో మెకానిక్‌లకు, ఎలక్ట్రానిక్స్ విద్యార్థులకు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

స్టీరియో సెట్టు వెనక '5000 వాట్లు పీఎంపీఓ' (క్షణకాలపు శిఖర పవర్ పేరుతో వేసే ప్రకటన అంకె) అని రాసి ఉంటుంది. మూత తీస్తే లోపల 12-0-12 (మధ్య సున్నాకు రెండు వైపులా 12 వోల్టులు), 2 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి కనిపిస్తుంది. ఏ మీటరూ పెట్టకుండానే ఇక్కడ ఒక లెక్క వేయొచ్చు. 12 వోల్టుల ఏసీని డయోడ్లతో డీసీ చేస్తే ఒక్కో వైపు సుమారు 17 వోల్టులు వస్తాయి. డయోడ్లు, అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు మింగేది 3 వోల్టులు అనుకుందాం. మిగిలిన 14 వోల్టులే స్పీకర్‌కు అందే శిఖరం. 14ను 14తో గుణించి, 8 ఓమ్‌ల స్పీకర్‌కు రెట్టింపైన 16తో భాగిస్తే ఒక ఛానెల్‌కు 12 వాట్లు. రెండు ఛానెళ్లూ ఒకేసారి కరెంటు లాగితే ఆ 17 వోల్టులూ నిలబడవు, కాబట్టి అసలు ఫలితం ఇంకా తక్కువే.

ఈ రోజు మాటలన్నీ ఈ సంగతి చుట్టూనే. ఎన్ని ఓమ్‌ల మీద, ఎన్ని ఛానెళ్లు నడుస్తుండగా, ఎంతసేపు, ఎంత వక్రతతో (డిస్టార్షన్, అంటే తరంగం ఆకారం చెడడం), కరెంటు ఎన్ని వోల్టులు ఉండగా అన్నది పక్కన రాయకపోతే వాట్ల అంకెను కొలత అనలేం. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లో ఇంటి యాంప్లిఫయర్ల ప్రకటనలకు నియమం పెట్టినప్పుడు అడిగినవీ ఇలాంటి వివరాలే.

ముందు లోడు, అంటే యాంప్లిఫయర్ పవర్ అందుకునే భారం సంగతి. స్పీకర్ పెట్టి పవర్ కొలవకండి. 8 ఓమ్‌లని రాసి ఉన్న స్పీకర్ ఒక ఫ్రీక్వెన్సీలో 6 ఓమ్‌లు, ఇంకో చోట 30 ఓమ్‌లు చూపిస్తుంది. పైగా ఫుల్ పవర్‌లో ఒకే స్వరం నిమిషం మోగితే ట్వీటర్ (సన్నని స్వరాల స్పీకర్) కాలిపోవచ్చు. దాని బదులు డమ్మీ లోడ్, అంటే స్పీకర్ స్థానంలో పెట్టే రెసిస్టర్లు కావాలి. అల్యూమినియం తొడుగున్న 100 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్లు, 4 ఓమ్‌లవి రెండేసి సిరీస్‌లో కలిపితే ఒక ఛానెల్‌కు 8 ఓమ్‌లు. స్టీరియోకు మొత్తం నాలుగు. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. ఆ 100 వాట్ల అంకె హీట్‌సింక్‌కు బోల్టు బిగించి, మధ్యలో థర్మల్ పేస్టు రాసినప్పటి లెక్క. బల్ల మీద ఊరికే పడేస్తే అందులో సగం కూడా తట్టుకోదు. రెసిస్టెన్స్ కొలిచేటప్పుడు మీటరు పిన్నులు రెండూ కలిపి చూసి, అప్పుడు వచ్చిన అంకెను, 0.3 ఓమ్ కానీ ఎంతైనా కానీ, తీసేయండి. 8.0 అనుకున్నది నిజానికి 8.4 అయితే పవర్ లెక్కలో 5 శాతం తేడా.

సిగ్నల్‌కు కంప్యూటర్‌లోని టోన్ జనరేటర్ చాలు. మీటరు విషయంలో మాత్రం జాగ్రత్త. బల్లల మీద కనిపించే చౌక పసుపు మీటర్లలో ఏసీ రేంజి 200 వోల్టుల నుంచే మొదలవుతుంది, 400 హెర్ట్జ్ దాటితే రీడింగ్‌కు భరోసా ఉండదు. ట్రూ ఆర్‌ఎంఎస్ మీటరు (ఏసీ వోల్టేజి అసలు ప్రభావాన్ని సరిగా చూపేది) లేకపోతే 1 కిలోహెర్ట్జ్‌కు బదులు 200 హెర్ట్జ్ దగ్గర కొలవండి, లేదా స్కోపులో (తరంగాన్ని తెర మీద గీసి చూపే ఆసిలోస్కోపులో) శిఖరం నుంచి శిఖరానికి చూసి 2.83తో భాగించండి. వోల్టేజి లోడు కాళ్ల దగ్గరే పట్టుకోవాలి, వైరు ఇవతల కాదు.

రిపేరుకొచ్చిన సెట్టయితే మొదటిసారి ఆన్ చేసేది మెయిన్స్ వైరులో సిరీస్‌గా కలిపిన 60 వాట్ల బల్బుతోనే. బల్బు ఒక్కసారి మెరిసి మసకబారితే సరే, వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఉంది. తర్వాత ఇన్‌పుట్ షార్ట్ చేసి, అవుట్‌పుట్‌లో డీసీ చూడండి. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే బాగున్నట్టు. వోల్టుల్లో ఉంటే స్పీకర్ దగ్గరికి తీసుకెళ్లొద్దు.

ఇక పవర్. రెండు ఛానెళ్లకూ లోడు పెట్టి, రెండింటికీ సిగ్నల్ ఇచ్చి, వాల్యూమ్ మెల్లగా పెంచండి. స్కోపులో తరంగం తల చదునవడం మొదలైన చోట ఆగి, కాస్త తగ్గించండి. అక్కడ 20 వోల్టుల ఆర్‌ఎంఎస్ ఉంటే 400ను 8తో భాగించి 50 వాట్లు. కంటికి చదును కనబడేసరికి వక్రత అప్పటికే 1 శాతం దగ్గరికి వచ్చేసి ఉంటుంది, అందుకే తగ్గించమన్నది. ఒక ఛానెల్ ఆపి చూస్తే ఈ అంకె పెరుగుతుంది. ఎంత పెరిగిందో రాసుకోండి. ట్రాన్స్‌ఫార్మర్, మెయిన్ కండెన్సర్ల సత్తా ఆ తేడాలో తెలుస్తుంది.

అదే సమయంలో ఇంకో మీటరు గోడ ప్లగ్గులో ఉండాలి. స్టెబిలైజ్డ్ సప్లై లేని సెట్లలో పట్టాల వోల్టేజి (లోపలి ప్లస్, మైనస్ డీసీ) మెయిన్స్‌తో పాటే దిగుతుంది, పవర్ దాని వర్గంతో దిగుతుంది. ఎయిర్ కండిషనర్లన్నీ నడిచే వేసవి సాయంత్రం 230 కాస్తా 207 అయితే, అంటే 10 శాతం తగ్గితే, పవర్ 19 శాతం పోతుంది. 50 వాట్ల సెట్టు 40 వాట్లే చూపిస్తుంది. సెట్టులో లోపమేమీ లేదు. వేరియాక్ (మెయిన్స్ వోల్టేజిని పెంచి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్) ఉంటే ఫుల్ లోడు మీద 230కి సరిచేసి కొలవండి. లేకపోతే ఉన్న వోల్టేజిని పక్కన రాయండి.

వేడి విషయంలో కొంచెం ఆగుదాం, ఎందుకంటే మన ఊళ్లో యాంప్లిఫయర్లు ఎక్కువగా చచ్చేది దీనివల్లే. క్లాస్ ఏబీ సెట్టులో (జత ట్రాన్సిస్టర్లు తరంగంలో చెరో సగాన్ని నడిపే రకం) ట్రాన్సిస్టర్లు ఫుల్ పవర్ దగ్గర ఎక్కువ కాలతాయని అనుకుంటాం. లెక్క ప్రకారం ఫుల్ పవర్‌లో సుమారు 40 శాతం దగ్గరే అవి అత్యధికంగా వేడెక్కుతాయి. 1974 నియమం మూడో వంతు పవర్‌లో గంటసేపు నడిపాకే కొలవమన్నది. అది మొండిగా కనిపించినా సరైన పరీక్ష. 25 డిగ్రీల ఏసీ గదిలో హీట్‌సింక్ 40 డిగ్రీలు పెరిగి 65 దగ్గర నిలిచిందనుకోండి. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, 40 డిగ్రీల గదిలో అదే హీట్‌సింక్ 80కి చేరుతుంది. ఇక్కడి జనం వాడేది ఆ గదిలోనే. అందువల్ల గది వేడి, హీట్‌సింక్ వేడి రెండూ కాగితం మీదికి రావాలి. ఐడిల్ కరెంటు (సిగ్నల్ లేనప్పుడు అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో పారేది) కూడా వేడెక్కాకే చూడండి. 0.22 ఓమ్‌ల ఎమిటర్ రెసిస్టర్ మీద 11 మిల్లీవోల్టులు ఉంటే 50 మిల్లీఆంపియర్లు. వేడితో పాటు అది ఆగకుండా పెరుగుతూ పోతే, దాన్ని అదుపు చేసే బయాస్ ట్రాన్సిస్టర్ హీట్‌సింక్‌ను సరిగా తాకడం లేదు.

ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్, అంటే ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత అవుట్‌పుట్ వస్తుందో చూడడం తేలిక. 1 కిలోహెర్ట్జ్ దగ్గర 2.83 వోల్టులు, అంటే 8 ఓమ్‌ల మీద 1 వాటు పెట్టి, కిందికీ పైకీ వెళ్లండి. 2 వోల్టులకు పడిన చోట 3 డీబీ తగ్గినట్టు. దీన్ని ఫుల్ పవర్‌లో 20 కిలోహెర్ట్జ్ వద్ద సాగదీయకండి. చాలా సెట్ల అవుట్‌పుట్‌లో 10 ఓమ్‌లు, 0.1 మైక్రోఫారడ్ జోబెల్ జత (యాంప్లిఫయర్‌ను నిలకడగా ఉంచే రెసిస్టర్, కండెన్సర్) ఉంటుంది. 20 వోల్టుల దగ్గర ఆ రెసిస్టర్‌లో 0.6 వాటుకు పైగా ఖర్చవుతుంది. అర వాటుది పెట్టి ఉంటే నల్లబడిపోతుంది.

వక్రత కొలవడానికి సౌండ్‌కార్డు, ఉచితంగా దొరికే 'రూమ్ ఈక్యూ విజార్డ్' సాఫ్ట్‌వేర్ సరిపోతాయి. 20 వోల్టులు నేరుగా ఇస్తే కార్డు పోతుంది. 22 కిలోఓమ్, 1 కిలోఓమ్ జతతో తగ్గిస్తే 0.87 వోల్టు వస్తుంది. ముందు కార్డు అవుట్‌పుట్‌ను దాని ఇన్‌పుట్‌కే కలిపి దాని సొంత వక్రత చూడండి. అంతకన్నా తక్కువ అంకె యాంప్లిఫయర్‌కు రాదు. ల్యాప్‌టాప్ చార్జర్ తీసి బ్యాటరీ మీద నడపండి, లేకపోతే గ్రౌండ్ లూపు (గ్రౌండ్ రెండు దారుల్లో కలవడం) వల్ల వచ్చే హమ్‌నే, అంటే మెయిన్స్ గుయ్యిమనే మోతనే కొలుస్తారు. ఫుల్ పవర్ దగ్గర ఒకసారి చూసి వదిలేయొద్దు. బయాస్ తక్కువైన సెట్టు 30 వాట్ల దగ్గర శుభ్రంగా ఉండి, 0.1 వాటు దగ్గర 3, 5, 7 రెట్ల ఫ్రీక్వెన్సీలు గుంపుగా లేపుతుంది. రాత్రి చిన్నగా పెట్టుకుని పాట వినేది ఆ కాస్త పవర్ దగ్గరే కదా, గొంతులో గరగర వచ్చేదీ అక్కడే.

హమ్‌కు ఇన్‌పుట్ షార్ట్ చేసి స్పెక్ట్రమ్ చూడండి. 100 హెర్ట్జ్ గీత పెద్దదైతే ఫిల్టర్ కండెన్సర్లను అనుమానించండి. 50 పెద్దదైతే గ్రౌండ్ వైరింగో, ట్రాన్స్‌ఫార్మర్ పక్కనుంచి పోయే ఇన్‌పుట్ వైరో కారణం.

చివరిగా ఒక ప్రమాదం. ఇప్పటి చిన్న క్లాస్ డీ బోర్డుల్లో (ట్రాన్సిస్టర్లు స్విచ్‌లా ఆన్, ఆఫ్ అయ్యే రకం) చాలావాటికి, టీపీఏ 3116 చిప్పు ఉన్నలాంటి వాటికి, స్పీకర్ మైనస్ కాలు గ్రౌండ్ కాదు. రెండు కాళ్లలోనూ సిగ్నల్ ఉంటుంది. స్కోపు గ్రౌండ్ క్లిప్పు దానికి తగిలిస్తే అవుట్‌పుట్ షార్ట్ అయినట్టే. రెండు ప్రోబులూ రెండు కాళ్లకు పెట్టి, క్లిప్పులు బోర్డు గ్రౌండ్‌కు తగిలించి, స్కోపులో ఒకటి నుంచి ఇంకొకటి తీసేయండి. ఆ రెండో బల్ల మీద ఉన్నది అలాంటి బోర్డే. ముందు ఇటు ఏబీ సెట్టును సిరీస్ బల్బుతో ఆన్ చేద్దాం. ఒకరు గోడ వోల్టేజి, ఇంకొకరు గది వేడి రాసుకోండి.