ఒకే గదిలో పడుకున్నా అందరికీ టీబీ ఎందుకు రాదు?

(ప్రపంచ క్షయ దినం సందర్భంగా విశాఖపట్నంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు చాలామంది వచ్చారు, సంతోషం. నేను చెప్పబోయే ఇల్లు మీరు రోజూ చూసేదే. జాలరిపేటలోనో, కంచరపాలెంలోనో ఒకటే గది, ఒకటే కిటికీ. దానికి కూడా దోమలొస్తాయని అట్ట అడ్డం పెట్టేసి ఉంటుంది. తండ్రి రెండు నెలలుగా దగ్గుతున్నాడు, గళ్ల పరీక్షలో టీబీ తేలింది. భార్యకు ఏమీ లేదు. పెద్దకొడుకు దిట్టంగా ఉన్నాడు. చిన్నపిల్లకు మాత్రం సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడుతోంది. అందరూ పీల్చింది ఆ గాలే కదా, మరి ఈ తేడా ఎక్కడిది?

క్రిమి సోకడం వేరు, జబ్బు పడటం వేరు. ప్రపంచ జనాభాలో దాదాపు నాలుగో వంతు మందికి ఈ క్రిమి సోకిందని అంచనా. వాళ్లలో ఎప్పటికైనా జబ్బు పడేది నూటికి 5 నుంచి 10 మందే.

మిగతావాళ్లను కాపాడేదేమిటి? ఊపిరితిత్తుల్లో మాక్రోఫేజ్ అనే కణం క్రిమిని మింగుతుంది. కానీ మింగినంత మాత్రాన చంపలేదు. ఈ క్రిమి దాని లోపలే కాపురం పెట్టేయగలదు. అప్పుడు టీ కణాలు అనే మరో రకం రక్షక కణాలు వచ్చి ఇంటర్‌ఫెరాన్ గామా అనే రసాయనం వదిలితేనే మాక్రోఫేజ్‌కి చంపే బలం వస్తుంది. టీఎన్ఎఫ్ అనే మరో రసాయనం కణాలను క్రిమి చుట్టూ దడిలా నిలబెడుతుంది. కీళ్లవాతానికి టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే ఇంజెక్షన్లు వచ్చాక, అవి వాడినవాళ్లలో కొందరికి ఎప్పటిదో అణిగి ఉన్న టీబీ పైకి లేచింది. 2001లో ఆ సంగతి బయటపడ్డాక, ముందు టీబీ పరీక్ష చేశాకే ఆ ఇంజెక్షన్ ఇస్తున్నారు.

టీబీ క్రిమి సోకిందా అని చూసే ఇగ్రా అనే రక్తపరీక్షలో కొలిచేది ఈ ఇంటర్‌ఫెరాన్ గామానే. టీబీ క్రిమి ప్రొటీన్లు పూసిన గొట్టంలో రక్తం పోసి, బాగా కలిసేలా ఊపి, 37 డిగ్రీల వేడిలో రాత్రంతా ఉంచుతారు. టీ కణాలకు ఆ క్రిమితో పాత పరిచయం ఉంటే రసాయనం వదులుతాయి. అది పరిచయం ఉందని చెబుతుందంతే. ఈ మనిషి రేపు జబ్బు పడతాడా, పడడా అన్నది చెప్పదు. రిపోర్టులో పాజిటివ్ అని చూసి టెన్షన్ పడేవాళ్లకు మీరు ముందు చెప్పాల్సింది ఇదే.

ఇక జన్యువుల మాట. కవలల్లో ఒకరికి టీబీ వస్తే రెండోవారికీ రావడం ఒకే పోలిక కవలల్లో ఎక్కువని 1940ల నాటికే గమనించారు. ఇంటర్‌ఫెరాన్ గామాను అందుకునే జన్యువు పుట్టుకతోనే చెడిన పిల్లలకు టీబీ రాకుండా వేసే బీసీజీ టీకాలోని బలహీన క్రిమి కూడా ప్రాణం మీదికి తెస్తుంది. ఇది చాలా అరుదు. (మేనరికాల్లో ఇలాంటివి బయటపడే అవకాశం కాస్త ఎక్కువ. దాని గురించి ఇంకో రోజు మాట్లాడుకుందాం, ఇవాళ మొదలుపెడితే భోజనాలకు లేవలేం.) మామూలు జనంలో చూస్తే, 1998లో గాంబియాలో ఎన్‌రాంప్1 జన్యువుకు, టీబీకి సంబంధం కనిపించింది. తర్వాత ఇంకా చాలా జన్యువుల పేర్లు వచ్చాయి. కానీ ఒక్కోదాని ప్రభావం కొంచెమే, పైగా ఒక దేశంలో కనిపించింది మరో దేశంలో కనిపించదు.

నా భయం ఇక్కడే. జన్యువు అనగానే ‘వాళ్ల వంశంలోనే ఉంది’ అనే పాతమాటకు సైన్సు ముద్ర వేసినట్టవుతుంది. పిల్ల పెదనాన్నకు ఎప్పుడో టీబీ వచ్చిందని సంబంధం తప్పించుకుపోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మరి మొగుడి నుంచి పెళ్లానికి వస్తే అది ఏ వంశం? ఇంట్లో అందరూ పంచుకునేవి గాలి, చాలీచాలని తిండి. ముందు చూడాల్సింది వాటిని.

1959లో మద్రాసు నుంచి వెలువడిన అధ్యయనం చూడండి. కొందరు రోగులను శానిటోరియంలో, అంటే క్షయ ఆసుపత్రిలో ఉంచి, కొందరికి ఇంటి దగ్గరే మందులిచ్చారు. తర్వాత ఏళ్ల తరబడి ఇంట్లోవాళ్లను గమనిస్తే, రోగి ఇంట్లో ఉన్నందుకు అదనంగా జబ్బు పడిందేమీ లేదు. అంటాల్సింది చాలావరకు మందు మొదలెట్టకముందే అంటేసింది. కంచం, గ్లాసు వేరు పెట్టి ఆయన్ని మూలన కూర్చోబెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఆ కిటికీ అట్ట తీయించండి, మిగతా అందరినీ పరీక్షకు తీసుకురండి.

తిండి సంగతి జార్ఖండ్‌లో తేలింది. 2019లో మొదలైన రేషన్స్ అధ్యయనంలో రోగుల ఇళ్లలోవాళ్లకు నెలకు మనిషికి 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. టీబీ కొత్తగా రావడం దాదాపు 39 శాతం తగ్గింది. ఏ జన్యు పరీక్షా ఇంత మేలు చేసినట్టు నేను చదవలేదు.

జబ్బు లేదని తేల్చుకున్నాక ఇంట్లోవాళ్లకు నివారణ మాత్రలు. ఐసోనియాజిడ్, రిఫాపెంటిన్ కలిపి వారానికోసారి, 12 వారాలు. మరీ చిన్నపిల్లలకు ఐసోనియాజిడ్ ఒక్కటే రోజూ 6 నెలలు. ఒంట్లో ఏ బాధా లేని మనిషి చేత మాత్ర మింగించడం కష్టమని మీకు నేను చెప్పక్కర్లేదు. రిఫాపెంటిన్‌తో మూత్రం నారింజ రంగులో వస్తుందని మొదటి రోజే చెప్పండి. లేకపోతే రక్తం పడుతోందని హడలిపోయి రెండో వారమే మానేస్తారు.