చెక్ అనే ఒక్క మాటకి ఇన్ని అర్థాలు ఎక్కణ్ణుంచి వచ్చాయి?

హాయ్ అండీ, అందరూ బాగున్నారా. ఈ రోజు ఒకే ఒక్క ఇంగ్లిష్ మాట పట్టుకుందాం, చెక్. పొద్దున లేచిన దగ్గర్నుంచి మనం ఎన్నిసార్లు వాడతామో చూడండి, ఫోన్ చెక్ చేస్తాం, హెల్త్ చెకప్ అంటాం, బస్సులో చెకింగ్ వాళ్లు ఎక్కారంటే చాలు టికెట్ ఏ జేబులో పెట్టామో అని తడుముకుంటాం, ఊరి బయట చెక్‌పోస్టు, బ్యాంకులో చెక్కు, అంతెందుకు ఇదిగో నేను వేసుకున్న గళ్ల చొక్కా, షాపులో దీన్ని చెక్స్ అంటారు. మరి తనిఖీకీ, డబ్బు కాగితానికీ, చొక్కా మీద గళ్లకీ ఏంటండీ సంబంధం? ఉంది. అన్నీ పుట్టింది ఇదిగో, ఈ చెస్ బోర్డు మీదే.

ఆట మనదే కదా. చతురంగం, అంటే ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాల్బలం, నాలుగు అంగాల సైన్యం, మన నోట్లో నాని చదరంగం అయింది. సుమారు 6వ శతాబ్దంలో ఇది పర్షియా చేరితే వాళ్లు చత్రంగ్ అన్నారు, వాళ్ల దగ్గర్నుంచి అరబ్బులు తీసుకుని షత్రంజ్ అన్నారు. పర్షియాలో ఎదుటివాడి రాజు మీదికి ఎత్తు వేసినప్పుడు "షా" అనేవాళ్లు. షా అంటే రాజు. అంటే, నీ రాజుని కాసుకో అని చెప్పడం అన్నమాట. ఈ షా కూడా మనకి మరీ పరాయిదేం కాదు, మన క్షత్ర, క్షత్రియ లాంటి మాటలకి దాయాది వరస.

ఆ షా అలా అరబ్బుల మీదుగా యూరప్ వెళ్లి, పాత ఫ్రెంచిలో ఎస్చెక్ అయి, ఇంగ్లిష్ వాళ్ల దగ్గరికి వచ్చేసరికి ముందు అక్షరాలు రాలిపోయి చెక్ అయి కూర్చుంది. ఆ ఫ్రెంచి మాట బహువచనం నుంచే చెస్ కూడా వచ్చింది. ఇక చెక్‌మేట్ అంటే షా మాత్. చాలామంది దీన్ని రాజు చచ్చాడు అని చెప్తారు గానీ, పర్షియన్ మాత్‌కి దిక్కుతోచకుండా ఉండిపోవడం అనే అర్థమే ఇక్కడ సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే చెస్‌లో రాజుని ఎవరూ చంపరు కదా, కదలడానికి గడి లేక ఇరుక్కుంటాడంతే.

ఇప్పుడు అసలు పాయింట్ చూడండి. ఇదిగో ఏనుగుతో రాజుకి చెక్ ఇచ్చాను. మీరు వేరే ఎంత గొప్ప ప్లాన్ వేసుకున్నా సరే, అది ఆపి ముందు రాజు సంగతి చూడాల్సిందే. అక్కడ్నుంచే చెక్ అంటే ఆపడం, అడ్డుకోవడం అయింది. వాగుకి అడ్డంగా కట్టే చెక్ డ్యామ్‌లో ఉన్న చెక్ ఇదే, నీళ్ల ఉరుకుని ఆపేది. నేనైతే చిన్నప్పుడు చాలాకాలం అది చెక్క డ్యామ్ అనుకున్నా, తీరా వెళ్లి చూస్తే అంతా సిమెంటు! ఆపడం తర్వాత అదుపులో పెట్టడం, ఆ తర్వాత ఆపి చూడడం, అంటే తనిఖీ. చెక్‌పోస్టులో ఆపడమూ చూడడమూ రెండూ జరుగుతాయి కాబట్టి పాత అర్థం, కొత్త అర్థం రెండూ ఒకే గేటు దగ్గర నిలబడ్డాయనుకోండి.

గళ్ల సంగతి సులువే, చెస్ బోర్డులా ఉంటాయి కాబట్టి. కానీ ఇందులోంచే నాకు బాగా నచ్చిన కథ ఒకటి ఉంది. 12వ శతాబ్దం ఇంగ్లండులో రాజుగారి ఖజానా లెక్కలు ఒక పెద్ద బల్ల మీద చూసేవాళ్లు, పది అడుగుల పొడవు, ఐదు అడుగుల వెడల్పు, దాని మీద గీతలు గీసిన నల్లగుడ్డ. పెన్నీలకి ఒక వరస, షిల్లింగులకి ఒకటి, పౌండ్లకి ఒకటి, అలా వరసల్లో బిళ్లలు పెట్టి జరుపుతూ లెక్క తేల్చడం. జిల్లాల నుంచి షెరీఫులు, అంటే అక్కడ రాజుగారి తరఫున డబ్బు వసూలు చేసే అధికారులు, వచ్చి ఎదురుగా కూర్చుని లెక్క అప్పజెప్పాలి. అప్పటి ఖజానాదారు రిచర్డ్ ఫిట్జ్‌నీల్ దీని గురించి రాస్తూ, చదరంగంలో ఇద్దరు రాజులు తలపడ్డట్టు ఇక్కడ ఖజానాదారూ షెరీఫూ తలపడతారు అన్నాడు. ఆ బల్ల పేరే ఎక్స్‌చెకర్, అంటే చదరంగం బల్ల. ఇప్పటికీ బ్రిటన్ ఆర్థిక మంత్రిని చాన్సలర్ ఆఫ్ ది ఎక్స్‌చెకర్ అంటారు కదా, అదే.

బ్యాంకు చెక్కుకి రండి. ఇది నా పాత చెక్‌బుక్, ఇటు పక్క మిగిలిపోయిన ఈ ముక్కలు చూశారా, కౌంటర్‌ఫాయిల్స్. 18వ శతాబ్దం మొదట్లో చెక్ అంటే ఈ ముక్కే, ఎవరైనా అంకెలు దిద్ది మోసం చేయకుండా సరిచూసుకోడానికి. తర్వాత పేరు ముక్క మీంచి అసలు కాగితం మీదికి పోయింది. బ్రిటిష్ వాళ్లు స్పెల్లింగులో క్యూ పెట్టడానికి కారణం కూడా ఆ ఎక్స్‌చెకర్ ప్రభావమే, అమెరికా వాళ్లు పెట్టుకోలేదు. అమెరికాలో హోటల్ బిల్లుని కూడా చెక్ అంటారండోయ్. మా తమ్ముడు డల్లాస్ వెళ్లిన కొత్తలో వెయిటర్ వచ్చి చెక్ తేనా అంటే, లేదండీ నా దగ్గర చెక్కుల్లేవు, కార్డే అన్నాడట, ఇప్పటికీ ఇంట్లో అదే జోకు.

ఇంకొకటి, బీరకాయ చెక్కు తీయడంలో చెక్కుకీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు, అది మన తెలుగు మాటే, కలపకండి.

అన్నట్టు ఇంత తిరిగిన మాటని అసలు చెస్‌లోనే పలకాల్సిన పని లేదిప్పుడు, టోర్నమెంటుల్లో చెక్ అని నోటితో చెప్పాలని రూలే లేదు. మా అపార్ట్‌మెంట్ కింద రోజూ సాయంత్రం ఆడే పెద్దాయనకి ఆ రూల్ చూపించా. "చెప్పకుండా కొడితే అది ఆటెలా అవుతుందయ్యా, దొంగాట అవుతుంది గానీ" అని నా ఎత్తు వెనక్కి పెట్టించాడు.