ఎదుటి మనిషి కనబడాలంటే

అందరికీ నమస్కారం.

నన్ను మాట్లాడమన్న విషయం ప్రకటనల మధ్య మనశ్శాంతి. దానికి కరుణను కూడా నేనే కలుపుకున్నాను. ఈ రెంటినీ విడదీసి చూడటం వల్లే మనం సగం దారిలో ఆగిపోతున్నామని నా నమ్మకం. ప్రకటనలు మనశ్శాంతిని చెడగొడతాయని అందరూ అంటారు, నిజమే. పక్కనున్న మనిషిని మనం చూసే చూపును కూడా అవి మార్చేస్తున్నాయి. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఈ రెండోదే.

ముందు ఈ వ్యాపారం సంగతి చూద్దాం. 1833లో న్యూయార్క్‌లో బెంజమిన్ డే అనే ఆయన ‘ది సన్’ అనే దినపత్రిక పెట్టాడు. మిగతా పత్రికలు ఆరు సెంట్లకు అమ్ముతుంటే ఆయన ఒక్క సెంటుకే ఇచ్చాడు. మిగిలిన భారం ప్రకటనలు మోశాయి. చదివేవాళ్ళు పెరిగేకొద్దీ ప్రకటనలకు గిరాకీ పెరుగుతుంది. పత్రిక కొనడానికి వచ్చిన పాఠకుడు తనకు తెలియకుండానే తానూ సరుకైపోయాడు. ఇవాళ ఫోన్లో ఒక పేజీ తెరుచుకునేలోపే, కనురెప్ప వాల్చేంతలో, మనకు ఏ ప్రకటన చూపించాలో వేలం ముగిసిపోతుంది. ఆ వేలంలో అమ్ముడుపోయేది మన ధ్యాస.

పోతే పోయింది, రెండు క్షణాలే కదా అనిపిస్తుంది. కానీ ఆ రెండు క్షణాల్లో మన మనసులో ఏం నాటి వెళుతున్నారో చూడాలి.

లిస్టరిన్ పేరు మీరు వినే ఉంటారు. 1879లో పుట్టినప్పుడు అది శస్త్రచికిత్సల కోసం తయారుచేసిన క్రిమినాశని. 1920ల్లో దాని తయారీదారులు నోటి దుర్వాసన మీద దృష్టి పెట్టారు. దానికి ‘హాలిటోసిస్’ అనే వైద్యపరిభాషను తగిలించి ఏళ్ల తరబడి ప్రకటనలు వేశారు. వాటి సారాంశం ఇది: నీ నోరు కంపు కొడుతూ ఉండవచ్చు, అది నీకు తెలియదు, నీ ప్రాణస్నేహితులు కూడా నీకు చెప్పరు. అమ్మకాలు అమాంతం పెరిగాయి.

ఆ చివరి మాట దగ్గర కాస్త ఆగుదాం. ప్రాణస్నేహితులు కూడా చెప్పరట. అంటే ఇద్దరు స్నేహితుల మధ్య ఒక అనుమానం పెట్టారు. నవ్వుతూ ఎదురొచ్చిన మనిషి లోలోపల నన్ను చూసి ముఖం తిప్పుకుంటున్నాడేమో అన్న భయం పెట్టారు. ఒంటి రంగు, జుట్టు, బండి, ఇల్లు, పిల్లల చదువు, దేన్ని అమ్మినా చాలాసార్లు ఇదే ఎత్తు. ఎప్పుడూ ఎవరో మనల్ని తూకం వేస్తున్నారన్న భావన కలిగించడమే అందులోని కిటుకు. అలా భయపడేవాడికి ఎదుటివాడు న్యాయమూర్తిలా కనబడతాడు, లేదంటే పోటీదారులా కనబడతాడు. వాడికీ ఒక కష్టం ఉంటుందని, వాడూ రాత్రి నిద్రపట్టక దొర్లుతుంటాడని తోచదు. అశాంతి, కరుణలేమి ఒకే చోట మొలుస్తాయని నేననేది ఇందుకే.

ఇంకొకటి తొందర. 1973లో జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. క్రైస్తవ మతవిద్య చదివే విద్యార్థులను పక్క భవనంలో ప్రసంగించడానికి పంపారు. దారిలో ఒక మనిషి గుమ్మం దగ్గర కూలబడి దగ్గుతూ ఉంటాడు. కొందరికి ‘తీరిగ్గా వెళ్ళండి’ అని, కొందరికి ‘ఇప్పటికే ఆలస్యమైంది’ అని చెప్పారు. తీరిక ఉన్నవాళ్ళలో 63 శాతం మంది సాయపడ్డారు. ఆలస్యమైందని పరుగెత్తినవాళ్ళలో 10 శాతమే. విద్యార్థుల్లో కొందరు ప్రసంగించబోతున్నది బైబిల్లో దారిలో పడి ఉన్నవాడిని ఆదుకున్న మంచి సమరయుని కథ గురించే! ఆ కథ మనసులో ఉన్నా చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. వాళ్ళ తీరికను ఎవరో లాగేసుకున్నారు, అంతే. ‘ఆఫర్ ఇంకా రెండు గంటలే’, ‘ఒక్కటే మిగిలింది’, ‘ఇప్పుడే కొనండి’ అన్న మాటల మధ్య రోజంతా బతికేవాళ్ళను ఒకసారి తలుచుకోండి. ఆ తొందరలో చాలా భాగం నిజంగా లేనిది, కావాలని పుట్టించినది.

మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష అని నాలుగు భావనలను బౌద్ధులూ చెప్పారు, యోగులూ చెప్పారు. సుఖంగా ఉన్నవారితో చెలిమి, దుఃఖంలో ఉన్నవారి మీద దయ, మంచిని చూసి సంతోషం, చెడును చూసి చలించకపోవడం. వీటిని సాధన చేస్తే మనసు తేటపడుతుందని యోగశాస్త్రం అంటుంది. శాంతి దొరికాక తీరిగ్గా దయ చూపుదామని మనం అనుకుంటాం. వాళ్ళు దయనే శాంతికి దారిగా చూపించారు. ఇవాళ అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తింటున్నది ముదిత అని నాకనిపిస్తుంది. ఇంకొకరి ఆనందం ప్రకటనలో కనబడేది మనకు ఏదో తక్కువైందని గుర్తుచేయడానికే. అది చూసీ చూసీ, సొంత తోబుట్టువుకు మంచి జరిగినా ముందు కలుక్కుమంటుంది. నోటి నుంచి అభినందన ఆ తర్వాతే వస్తుంది.

మరి ఏం చేయాలి? నోటిఫికేషన్లు ఆపుకోండి, కొనాలనిపించినదాన్ని మర్నాటికి వాయిదా వేయండి. ఇవి మీకు తెలిసినవే. నేను అడిగేది మరొకటి. ఒక ప్రకటన మిమ్మల్ని పట్టుకున్నప్పుడు, అది మీలో ఏ భయాన్ని తాకిందో చూడండి. ఒంటరితనమా, ముసలితనమా, నలుగురిలో చులకనవుతామన్న బెంగా? దాన్ని తిట్టకండి. ఈ భయం నాలాగే ఎందరికో ఉంది అనుకుని, ఆ ఎందరిలో మీకు తెలిసిన ఒక్కరిని తలుచుకోండి. వీలైతే ఫోన్ చేయండి. మనకు వస్తువు చూపించి లాక్కున్న ధ్యాసను ఒక మనిషికి ఇచ్చినట్టవుతుంది.

కొనేవాళ్ళను చూసి ఈసడించుకోవడం మాత్రం వద్దు. అప్పు చేసి ఖరీదైన ఫోన్ కొన్నవాడు గౌరవం కోసం వెతుక్కుంటున్నాడు. ఆ ప్రకటనలు రాసేవాళ్ళలోనూ నెలజీతం కోసం కష్టపడే మామూలు మనుషులున్నారు. వాళ్ళ మీద కోపం పెంచుకుంటే మన శాంతి ఇంకో రకంగా పోతుంది.

అయితే సాధనంతా ఒక్కొక్కరి నెత్తిన వేసి ఊరుకోవడం అన్యాయం. బ్రెజిల్‌లోని సావో పాలో నగరం ‘శుభ్ర నగరం’ అనే చట్టం తెచ్చి, 2007 నుంచి బయటి ప్రకటన బోర్డులను తీసేయించింది. అవి దిగాక, అంతవరకూ వాటి వెనక మరుగునపడ్డ పేదల బస్తీలు కంటపడ్డాయని అక్కడి పాత్రికేయులు చెప్పారు. స్వీడన్ 1991 నుంచి పన్నెండేళ్ళలోపు పిల్లలను ఉద్దేశించిన టీవీ ప్రకటనలను నిషేధించింది. కెనడాలోని క్విబెక్ 1980 నుంచే పదమూడేళ్ళలోపు పిల్లల విషయంలో ఇలాంటి నిషేధం పాటిస్తోంది. అంటే ఇది అసాధ్యమేమీ కాదు.

పెద్దలు ప్రకటనను చూసి కాచుకోగలరు, కనీసం ప్రయత్నించగలరు. కథ ఎక్కడ ముగిసిందో, అమ్మకం ఎక్కడ మొదలైందో చిన్నపిల్లలకు తెలియదు. ఈ ఒక్క విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను. పిల్లలు చూసే వీడియోల్లో, ఆడే ఆటల్లో ప్రకటనలు ఉండకూడదని బడులను, ప్రభుత్వాలను, కంపెనీలను మనం గట్టిగా అడగాలి. ఎలా అడగాలి, ఎవరితో మొదలుపెట్టాలి అన్నది మీ దగ్గర వినాలని ఉంది. మిగిలిన సమయం మీది, చెప్పండి.