ఎదుటి విమానం కనిపించిందా?

అందరికీ నమస్కారం. ఈ సాయంత్రం గ్రంథాలయానికి వచ్చే ముందు కాసేపు ఆర్కే బీచ్‌లో నిలబడ్డాను. దూరంగా సముద్రంలో ఓడలు లంగరు వేసుకుని ఉన్నాయి. పోర్టులో బెర్తు ఖాళీ అయ్యేదాకా అవి అలాగే ఉంటాయి, ఒక రోజైనా సరే, రెండు రోజులైనా సరే. విశాఖలో పెరిగిన మనకి అది రోజూ కనిపించేదే. నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఆ ఓడల దగ్గరే మొదలుపెడతాను. విమానానికి ఆ వెసులుబాటు లేదు. గాలిలో లంగరు వేయలేం.

ముప్ఫై ఏళ్లు ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌గా చేశాను, అందులో ఎక్కువ కాలం అప్రోచ్‌లో. నాలుగు వైపుల నుంచి వచ్చే విమానాలను ఒక వరుసలోకి తెచ్చి రన్‌వేకి అప్పజెప్పడం ఆ పని. రాడార్ మీద ఏ రెండు విమానాల మధ్య అయినా ఎత్తులో వెయ్యి అడుగులు ఉండాలి. అది లేకపోతే దూరంలో కనీసం 3 నాటికల్ మైళ్లు, అంటే ఐదున్నర కిలోమీటర్లు ఉండాలి. రెండింటిలో ఏదో ఒకటి ప్రతి క్షణం ఉండి తీరాలి. విమానాశ్రయానికి దూరంగా, మార్గమధ్యంలో అయితే సాధారణంగా 5 మైళ్లు. మేం దీన్ని సెపరేషన్ అంటాం. మన మాటలో ఎడం.

ఐదున్నర కిలోమీటర్లంటే చాలా దూరంలా అనిపిస్తుంది. కానీ దిగే విమానం గంటకు 260 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. ఆ ఎడం ఒక నిమిషం పావు. ఆ లోపల ముందున్న విమానం నేలను తాకాలి, వేగం తగ్గించాలి, రన్‌వే నుంచి పక్కకి తప్పుకోవాలి.

ఇందులో బయటివాళ్లకి కనిపించని చిక్కు ఒకటుంది. రెండు విమానాలూ 160 నాట్ల వేగంతో, అంటే గంటకు 160 నాటికల్ మైళ్లతో, మూడున్నర మైళ్ల ఎడంతో వస్తున్నాయనుకోండి. ముందుది రన్‌వేకి 4 మైళ్ల దగ్గర 135కి తగ్గుతుంది. వెనకది ఆ చోటుకి వచ్చేదాకా 160లోనే ఉంటుంది. ఆ 80 సెకన్లలో అర మైలుకి పైగా ఎడం తరిగిపోతుంది. ఎవరూ తప్పు చేయలేదు, ఎవరూ మాట వినకుండా పోలేదు, అయినా మూడున్నర కాస్తా 3 కంటే తక్కువైంది. అప్రోచ్ కంట్రోలర్ నేర్చుకోవలసిందంతా ఇదే అంటాను నేను. ఇప్పుడు తెర మీద ఉన్న ఎడం కాదు, రెండు నిమిషాల తర్వాత మిగలబోయే ఎడం కళ్ల ముందు ఉండాలి.

నేనూ ఒకసారి తప్పాను. ఊరి పేరు వద్దు, పెద్ద నగరం. వానాకాలం సాయంత్రం, మబ్బుల్ని తప్పించుకుంటూ అన్నీ ఒకే వైపు నుంచి వస్తున్నాయి. ముందున్న విమానం నేననుకున్న దానికంటే ముందే వేగం తగ్గించేసింది. తెర మీద అంకె 3.4, 3.1, 2.8. వెనకదాన్ని గో అరౌండ్ చేయించాలి, అంటే దిగకుండా మళ్లీ పైకి ఎక్కమనాలి. నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. సరిపోతుందిలే అనుకున్నాను. 2.3 దగ్గర చెప్పాను. అప్పటికి పైలట్టే ఎక్కడం మొదలుపెట్టాడు. ఎవరికీ ఏమీ కాలేదు. నన్ను సీట్లోంచి లేపారు, విచారణ జరిగింది, మళ్లీ శిక్షణ తర్వాతే మైకు ఇచ్చారు. అలా చేయడం న్యాయమే. ఆ మౌనం నాకు ఈ రోజుకీ గుర్తుంది.

దిగబోయిన విమానం ఒక్కసారిగా పైకి లేస్తే లోపల ఉన్న మనకి టెన్షన్ పుడుతుంది. దయచేసి ఒకటి గుర్తుంచుకోండి. ఎడం తగ్గిందని ఎవరో ఒకరు సమయానికి నోరు విప్పారు కాబట్టే అది పైకి లేచింది.

పెద్ద విమానం వెనక సుడిగాలుల సంగతి వేరే. బోయింగ్ 777 లాంటి పెద్దదాని వెనక అంతకంటే చిన్నదైన ఎయిర్‌బస్ 320 వస్తే 3 మైళ్లు చాలవు, 5 కావాలి.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్న దానికి వస్తాను. 1996 నవంబరు 12 సాయంత్రం హర్యానాలో చర్ఖీ దాద్రీ మీద రెండు విమానాలు ఢీకొన్నాయి. ఢిల్లీ నుంచి ఎక్కుతున్న సౌదీ బోయింగ్ 747కి 14 వేల అడుగుల ఎత్తు ఇచ్చారు. ఢిల్లీకి దిగుతున్న కజకిస్తాన్ ఇల్యూషిన్ విమానానికి 15 వేలు. అది 15 వేల దగ్గర ఆగలేదు. 349 మంది పోయారు. తప్పు ఇల్యూషిన్‌దే అని తేలింది. కానీ ఆ రోజుల్లో ఢిల్లీ చుట్టూ ఆకాశంలో చాలా భాగం వైమానిక దళం చేతిలో ఉండేది. వచ్చేవీ పోయేవీ ఒకే దారిలో నడిచేవి. కంట్రోలర్ ముందున్న రాడార్ మీద ఎత్తు కనిపించేది కాదు. ఎదురుగా విమానం వస్తోంది, కనిపిస్తే చెప్పండి అని ఆయన ఇల్యూషిన్‌ని అడిగారు. అంతకంటే ఆయన చేతిలో ఏముంది? ఆ తర్వాతే మన దేశంలో ప్రయాణికుల విమానాలకి ఢీకొనకుండా హెచ్చరించే టీకాస్ పరికరం తప్పనిసరి చేశారు.

ఇరవై ఎనిమిదేళ్లకి, 2025 జనవరి 29 రాత్రి, వాషింగ్టన్‌లో రన్‌వే ముందరే ప్రయాణికుల విమానాన్ని సైన్యం హెలికాప్టర్ ఢీకొంది. 67 మంది పోయారు. అక్కడా కంట్రోలర్ అడిగారు, విమానం కనిపించిందా అని. కనిపించింది, మేమే చూసుకుని తప్పుకుంటాం అని హెలికాప్టర్ నుంచి జవాబు వచ్చింది. రాత్రి, నగరం నిండా దీపాలు. విమానంలో టీకాస్ ఉంది. 'ట్రాఫిక్, ట్రాఫిక్' అంది. అంత తక్కువ ఎత్తులో ఎక్కమనో దిగమనో అది చెప్పదు, అలాగే తయారుచేశారు. హెలికాప్టర్ల దారికీ ఆ రన్‌వేకి దిగే దారికీ మధ్య ఎత్తులో ఒక చోట ఉన్న తేడా 75 అడుగులని దర్యాప్తులో బయటపడింది. 2021 అక్టోబరు నుంచి 2024 డిసెంబరు వరకు ఆ విమానాశ్రయం దగ్గర ఒక మైలు లోపు దూరంలో, 400 అడుగుల లోపు తేడాతో 15,214 సార్లు విమానాలూ హెలికాప్టర్లూ దగ్గరకి వచ్చాయి. లెక్క రికార్డుల్లోనే ఉంది. ప్రాణాలు పోయాక గానీ ఎవరూ కూడి చూడలేదు.

ఇదంతా విశాఖలో ఎందుకు చెబుతున్నానంటే, మన విమానాశ్రయం నేవీది. పేరు ఐఎన్ఎస్ డేగా. మనం హైదరాబాద్ నుంచి వచ్చి దిగే రన్‌వే మీదే నేవీ డోర్నియర్ విమానాలూ హెలికాప్టర్లూ ఎగురుతాయి. ఒక పక్క యారాడ కొండలు, ఇంకో పక్క సింహాచలం కొండలు. ఎటు పడితే అటు తిరగడానికి చోటు ఉండదు. ఇన్నేళ్లుగా దీన్ని నడిపిస్తున్న నేవీ కంట్రోలర్ల మీద నాకు ఎంతో గౌరవం. ఇక భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట వస్తున్న విమానాశ్రయం గాలిలో చూస్తే ఇక్కడికి సుమారు 45 కిలోమీటర్లు. దిగడానికి సిద్ధమవుతున్న విమానానికి అది ఆరేడు నిమిషాల దారి. అక్కడ మన విమానాలు, ఇక్కడ నేవీవి, రెండూ ఒకే తీరం వెంబడి.

ఇక్కడ నేను కోరేది ఒకటే. ఆ రెండు దారులకీ మధ్య ఎడం మ్యాపు గీసేటప్పుడే పెట్టాలి. తీరం వెంట వెళ్లే హెలికాప్టర్ ఎక్కడ దాటాలి, ఎంత ఎత్తుకి మించకూడదు అన్నది ముందే రాసి ఉండాలి. ఇద్దరు కంట్రోలర్ల తెరల మీదా ఒకే బొమ్మ కనిపించాలి. 'కనిపించిందా' అన్న ప్రశ్న అదనపు జాగ్రత్తగా ఉంటే ఉండనివ్వండి, ఆకాశం మొత్తం దాని మీద ఆనుకుని ఉండకూడదు. నెలకోసారి దగ్గరకి వచ్చిన లెక్కలు తీసి, నేవీ వాళ్లూ పౌర విమానయానం వాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చుని చూడాలి. ఏ ప్రమాదమూ జరగని నెలల్లో కూడా చూడాలి.

నేను చెప్పవలసింది ఇంతే. మూడో వరుసలో ఆ అమ్మాయి ఇందాకటి నుంచి చెయ్యెత్తి ఉంది. అడగమ్మా.