టాప్ ఫ్లోర్ స్లాబ్‌లో వేడి: ఎక్సెల్‌లో లెక్కేద్దాం రండి

నమస్కారం. మే నెలలో హైదరాబాద్‌లో టాప్ ఫ్లోర్‌లో ఉండేవాళ్లకు ఈ సంగతి చెప్పక్కర్లేదు. ఎండ దిగిపోయాక, సాయంత్రం ఆరింటికో ఏడింటికో ఫ్యాను వేస్తే పైనుంచి వేడిగాలే దిగుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండ స్లాబ్ దాటి లోపలికి రావడానికి ఎందుకింత ఆలస్యం? దాన్నే ఇవాళ లెక్కగడదాం. ఎక్సెల్ చాలు.

స్లాబ్ మందం 150 మిల్లీమీటర్లు అనుకుందాం. కాంక్రీటు థర్మల్ డిఫ్యూజివిటీ, అంటే వేడి దానిలో ఎంత వేగంగా పాకుతుందో చెప్పే అంకె, సెకనుకు సుమారు 0.8 చదరపు మిల్లీమీటర్లు. మిక్స్‌ను బట్టి, తేమను బట్టి కాస్త అటూ ఇటూ ఉంటుంది. మందాన్ని మందంతోనే గుణించి, దీంతో భాగించండి. 28,000 సెకన్లు వస్తుంది, అంటే దాదాపు 8 గంటలు. ఒక మార్పు ఈ స్లాబంతా పాకి సర్దుకోవడానికి పట్టే కాలం ఆ స్థాయిలో ఉంటుంది. అదే మందం రాగి దిమ్మె అయితే మూడు నిమిషాల చిల్లర. ఈ భాగహారం చేయకుండా తెచ్చిన సిమ్యులేషన్ బొమ్మ ఎంత రంగురంగులుగా ఉన్నా నేను నమ్మను.

ఇప్పుడు స్లాబ్‌ను 10 మిల్లీమీటర్ల చొప్పున 15 పొరలుగా కోయండి. ఆ పొరల అంచులు 16, ఒక్కో అంచుకు ఎక్సెల్‌లో ఒక నిలువు వరుస. ఒక్కో అడ్డవరుస ఒక్కో నిమిషం, రోజుకు 1,440 వరుసలు. వేడి ఎలా పాకుతుందో చెప్పే సమీకరణాన్ని ఫ్రెంచ్ గణిత శాస్త్రవేత్త ఫోరియర్ 1822లో పుస్తకంగా అచ్చేశాడు. అది ఇక్కడ ఒక చిన్న సూత్రమైపోతుంది. ఇరుగుపొరుగు గడుల ఉష్ణోగ్రతలు కూడండి, అందులోంచి మన గడికి రెండింతలు తీసేయండి, మిగిలినదాన్ని ‘ఆర్’ అనే సంఖ్యతో గుణించి మన గడికి కలపండి. ఆర్ అంటే డిఫ్యూజివిటీని టైమ్ స్టెప్‌తో (ఒక వరుస నుంచి తర్వాతి వరుసకు గడిచే కాలం, ఇక్కడ 60 సెకన్లు) గుణించి, పొర మందం వర్గంతో భాగించింది. మన లెక్కలో 0.48.

ఇక్కడ కాసేపు ఆగుదాం. ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. మన గడి 60 డిగ్రీలు, రెండు పక్కలా 50 అనుకోండి. ఆర్ 0.48 అయితే నిమిషం తర్వాత మన గడి 50.4. బాగానే ఉంది. ఇన్ని వరుసలెందుకని టైమ్ స్టెప్ 5 నిమిషాలు చేశారనుకోండి. ఆర్ 2.4 అవుతుంది, మన గడి 12 డిగ్రీలకు పడిపోతుంది! 50 డిగ్రీల పొరుగువాళ్ల మధ్య ఉన్న గడి 12కు చల్లబడటం ప్రకృతిలో జరగని పని. తర్వాతి వరుసలో అది ఎటో ఎగిరిపోతుంది, కాసేపటికి తెర నిండా అర్థంలేని అంకెలే. ఆర్ 0.5 దాటితే గడి సొంత ఉష్ణోగ్రత ముందున్న గుణకం మైనస్ అవుతుంది. అంటే ఇప్పుడు ఎంత వేడిగా ఉంటే తర్వాత అంత చల్లబడాలని మనమే రాసిచ్చినట్టు. అందుకే పొర మందం సగం చేస్తే టైమ్ స్టెప్ పావు వంతు చేయాల్సిందే, పని మొత్తం 8 రెట్లు పెరుగుతుంది.

1947లో జాన్ క్రాంక్, ఫిలిస్ నికల్సన్ ఇచ్చిన పద్ధతిలో గడులన్నిటినీ ఒకేసారి సాధిస్తాం, కాబట్టి లెక్క ఇలా పేలిపోదు. కానీ పేలకపోవడం వేరు, సరిగ్గా రావడం వేరు. ఎండ గంట గంటకూ మారుతుంటే ఆరు గంటల స్టెప్ పెట్టి ఏ పద్ధతి వాడినా మధ్యాహ్నమనేదే లెక్కలోంచి మాయమైపోతుంది.

అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ నేర్చుకుని ప్రాజెక్టు చేసే బీటెక్ పిల్లలకు నేను గట్టిగా చెప్పేది సరిహద్దు గురించి, అంటే స్లాబ్ అంచు గడికి ఏం ఇస్తామన్నదాని గురించి. పైగడికి వార్తల్లో విన్న 42 డిగ్రీలు ఇచ్చేస్తారు. అది నీడలో కొలిచిన గాలి ఉష్ణోగ్రత. ఎండలో కాంక్రీటు ఉపరితలం అంతకంటే చాలా వేడెక్కుతుంది. చదరపు మీటరుకు 900 వాట్ల ఎండ పడుతుంటే, అందులో 65 శాతం పీల్చుకునే మామూలు స్లాబ్‌కు 585 వాట్లు చేరతాయి. కొత్తగా తెల్ల పూత వేసి, పీల్చుకునేది 30 శాతం చేస్తే 270 వాట్లే. ఇందులోంచి గాలి తీసుకెళ్లే వేడి, రాత్రి ఆకాశంలోకి పోయే వేడి కూడా తీసేయాలి. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో తెచ్చిన కూల్ రూఫ్ విధానాన్ని (ఎండను తక్కువగా పీల్చుకునే పైకప్పుల కోసం తెచ్చింది) మన ఎక్సెల్‌లోంచి చూస్తే, ప్రధానంగా మారేది ఎండను పీల్చుకునే ఈ శాతం ఒక్కటే. స్లాబ్ అదే, సమీకరణం అదే. నా దృష్టిలో టాప్ ఫ్లోర్‌కు ఇంత తక్కువ ఖర్చుతో ఇంత ఉపశమనం ఇచ్చేది ఇంకోటి లేదు.

మొదటి రోజు ఫలితం చూడొద్దు, అందులో మనం ఊహించి పెట్టిన ఆరంభ ఉష్ణోగ్రత కలిసి ఉంటుంది. మూడు నాలుగు రోజులు నడిపి, నిన్నటి గీత, ఇవాళ్టి గీత ఒకదానిమీద ఒకటి పడ్డాకే చూడండి. పైన మధ్యాహ్నం రెండింటికి వచ్చిన శిఖరం అడుగున సుమారు 4 గంటల తర్వాత వస్తుంది. అంటే సాయంత్రం ఆరింటికి.

ఇదే షీట్ బాలానగర్ మెషిన్ షాపులకూ పనికొస్తుంది. గేర్లకు కేస్ హార్డెనింగ్ (పైపొరను గట్టిపరచడం) చేసేటప్పుడు ఉక్కులోకి కార్బన్ దిగేదీ ఈ సమీకరణం ప్రకారమే. 1855లో జర్మన్ శాస్త్రవేత్త ఫిక్ దాన్ని ఫోరియర్ బాటలోనే రాశాడు. 925 డిగ్రీల దగ్గర కార్బన్ డిఫ్యూజివిటీ సెకనుకు చదరపు మిల్లీమీటరులో సుమారు లక్షో వంతు. 4 గంటల్లో కార్బన్ 0.4 మిల్లీమీటరు స్థాయి లోతుకు దిగుతుంది, 0.8 కావాలంటే 16 గంటలు. ఫర్నేస్ ఇంకో 50 డిగ్రీలు పెంచితే డిఫ్యూజివిటీ రెట్టింపుకు దగ్గరగా పెరిగి ఆ 16 గంటలు బాగా తగ్గుతాయి, కానీ ఉక్కులో గ్రెయిన్లు (లోహంలోని సన్నని స్ఫటికాలు) ముతకబారతాయి. కాబట్టి గేర్ల లెక్కలో డిఫ్యూజివిటీని ఒకే అంకెగా కట్టేయకండి. దానికి వేరే గడి పెట్టి, ఉష్ణోగ్రతను బట్టి మారేలా సూత్రం రాయండి.