రెండో సాక్షి కోసం

శ్రోతలకు నమస్కారం. అణు శాస్త్రవేత్త అనగానే మనకు బాంబు గుర్తొస్తుంది. ఈ రోజు నేను చెప్పబోయే జర్మన్ పెద్దమనిషి జీవితమంతా చేసిన పని మాత్రం లెక్కపెట్టడం. పేరు వాల్టర్ బోటే. 1891లో బెర్లిన్‌కు దగ్గరలోని ఒరానియెన్‌బుర్గ్‌లో పుట్టాడు. ప్రఖ్యాత భౌతిక శాస్త్రవేత్త మాక్స్ ప్లాంక్ శిష్యుడు. మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యన్లకు చిక్కి సైబీరియాలో బందీగా గడిపాడు. అక్కడా ఊరికే కూర్చోలేదు, రష్యన్ భాష నేర్చుకున్నాడు, గణితం సాధన చేశాడు. 1920లో, మాస్కోలో పెళ్లి చేసుకుని మరీ స్వదేశం చేరాడు.

బెర్లిన్‌లో ఆయనకు తోడు హాన్స్ గైగర్. గైగర్ కౌంటర్ గురించి మీరు వినే ఉంటారు. కంటికి కనిపించని అణు రేణువు తగిలితే అది టిక్కుమంటుంది. కానీ తగిలింది ఎవరు, ఎటునుంచి వచ్చారు? చెప్పదు. బోటే ఉపాయం చాలా సులువు. రెండు కౌంటర్లు పెట్టు. ఒక్కటే పలికితే నమ్మకు. రెండూ ఒకేసారి పలికితే నమ్ము. న్యాయస్థానంలో రెండో సాక్షిని అడిగినట్టే.

1929 నాటి ప్రయోగం ఒకటుంది, నాకు ప్రాణం. అంతరిక్షం నుంచి భూమికి చేరే కాస్మిక్ కిరణాలు గామా కిరణాలేనని, అంటే విద్యుదావేశం లేని, చాలా శక్తిమంతమైన కాంతి లాంటివేనని అప్పట్లో చాలామంది నమ్మకం. బోటే, కోల్‌హ్యోర్‌స్టర్ అనే మరో శాస్త్రవేత్త కలిసి ఒక కౌంటరు మీద మరొకటి అమర్చారు. రెండూ ఒకేసారి పలుకుతున్నాయి. ఎలా? గామా కిరణం తానుగా కౌంటరును పలికించదు, దారిలో ఒక ఎలక్ట్రాన్‌ను తోస్తుంది, పలికించేది ఆ ఎలక్ట్రాన్. అది బలహీనురాలు, బరువైన లోహం అడ్డుపెడితే ఆగిపోవాలి. అందుకని రెంటి మధ్య బంగారు దిమ్మ పెట్టారు. అవును, బంగారమే, నాలుగు సెంటీమీటర్ల మందం! జంట పలుకులు ఆగిపోతాయా? ఆగలేదు. దాదాపు ముప్పావు వంతు అలాగే నిలిచాయి. అంటే బంగారాన్ని దూసుకుపోతున్నవి విద్యుదావేశమున్న రేణువులే. బంగారాన్ని ఇంతకన్నా మంచి పనికి వాడినవాళ్లు నాకు తెలియదు.

ఆయన దురదృష్టం కూడా చెప్పాలి. 1930లో బెకర్ అనే సహచరుడితో కలిసి బెరీలియం అనే లోహం నుంచి వెలువడే వింత కిరణాన్ని పట్టుకుని, గామా అనుకున్నాడు. 1932లో బ్రిటిష్ శాస్త్రవేత్త చాడ్విక్ అది న్యూట్రాన్ అని, అంటే పరమాణు కేంద్రకంలో ఉండే, ఆవేశం లేని రేణువని తేల్చాడు. తర్వాత రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, అణు రియాక్టరులో న్యూట్రాన్ల వేగం తగ్గించడానికి గ్రాఫైటు పనికిరాదని బోటే కొలతలు చెప్పాయి. అందులో కలిసిన మలినాలు న్యూట్రాన్లను మింగేశాయి. ఆ ఒక్క పొరపాటే హిట్లర్ చేతికి అణుబాంబు అందకుండా చేసి ప్రపంచాన్ని కాపాడిందని కొందరు కథలల్లుతారు. నేను ఒప్పుకోను. మలినాల సంగతి హాన్‌లే అనే మరో జర్మన్ శాస్త్రవేత్త చెప్పనే చెప్పాడు. అంత శుద్ధమైన గ్రాఫైటు ఖరీదని జర్మన్ సైన్యం, అదే పని చేసే భారజలం అనే ప్రత్యేకమైన నీటి వైపు మొగ్గింది. ఇంత పెద్ద చరిత్రను ఒక్క మనిషి నెత్తిన మోపడం అన్యాయం.

1954లో మాక్స్ బోర్న్‌తో పాటు బోటేకు నోబెల్ వచ్చింది, ఆ జంట లెక్కకే. 1957లో హైడెల్‌బర్గ్‌లో కన్నుమూశాడు.

ఆ జంట లెక్క మన ఆసుపత్రుల్లో ఇవాళ కూడా నడుస్తోంది. క్యాన్సర్ రోగులకు చేసే పెట్ స్కాన్‌లో, ఒంట్లోకి ఎక్కించిన మందు నుంచి రెండు గామా కిరణాలు ఎదురెదురు దిక్కులకు పోతాయి. చుట్టూ ఉన్న వలయంలో రెండు చోట్ల ఒకేసారి తగిలితేనే యంత్రం లెక్కలోకి తీసుకుంటుంది. ఒకచోటే తగిలితే పక్కన పెట్టేస్తుంది. ఆ మందు సాధారణంగా ఫ్లోరిన్-18 కలిపిన చక్కెర లాంటి పదార్థం. సుమారు 110 నిమిషాలకే దాని రేడియోధార్మికత సగానికి పడిపోతుంది. కాబట్టి మీ ఇంట్లో ఎవరికైనా ఈ స్కాన్ రాస్తే, ఆసుపత్రివారు చెప్పినట్టు ఏమీ తినకుండా, చెప్పిన వేళకే తీసుకువెళ్లండి. ఆలస్యమైతే మందు మీ కోసం ఆగదు.