మెట్ల దగ్గర నుంచి మొదలుపెడదాం

అమ్మలకు, అక్కలకు, అన్నదమ్ములకు నమస్కారం. మబ్బు పట్టినా, పనులు మానుకుని వచ్చి కూర్చున్నారు. ఎక్కువసేపు ఆపను.

మెట్రో తెస్తానని నేను చెప్పను. అది కార్పొరేటర్ చేతిలోని పని కాదు. 98 వార్డుల జీవీఎంసీలో, అంటే మన విశాఖ నగరపాలక సంస్థలో, కార్పొరేటర్‌గా నాది ఒక్క ఓటు. ఆ ఓటు, వార్డు పనుల మీద నిఘా, కౌన్సిల్లో నిలబడి అడిగే గొంతు, ఇంతే నా దగ్గర ఉండేవి. అందుకే మూడే పనులు పెట్టుకున్నాను. మూడూ ఈ కొండవాలువే.

మొదటిది నీళ్లు. మొన్న తెల్లవారుజామున అయిదున్నరకు కింది కొళాయి దగ్గర నిలబడ్డాను. అప్పటికే బిందెలు వరుసకట్టి ఉన్నాయి. రాలేనివాళ్లు ఇటుకముక్క పెట్టి వెళ్లారు. మోకాళ్ల నొప్పితో ఒక పెద్దమ్మ బిందె మోసుకుంటూ మెట్ల మలుపు దాకా వచ్చి, పిట్టగోడ మీద దించింది. ఏళ్ల తరబడి బిందెలు దించీ దించీ అక్కడ సిమెంటు గుండ్రంగా అరిగిపోయింది. చెయ్యి పెట్టి చూశాను, నున్నగా ఉంది. ఆ మాట ఇప్పుడు చెబుతున్నా నాకు గొంతు పట్టుకుంటోంది.

రైవాడ, తాటిపూడి రిజర్వాయర్ల నుంచి మన ఊరికి నీళ్లొస్తాయి. ఏలేరు నీళ్లయితే కాలువలో 100 కిలోమీటర్లకు పైగా వస్తాయి. అంత దూరం వచ్చిన నీళ్లను ఈ చివరి మెట్లు ఎక్కించడానికి మాత్రం ఆడవాళ్ల నడుమే దిక్కయింది. కింద సంపు, పైన ట్యాంకు, మధ్యలో మోటారు కావాలి. వాటితో పాటు మోటారు చూసుకునే మనిషి, రిపేరుకు డబ్బు కూడా ముందే రాయించాలి. ట్యాంకు కట్టి, రిబ్బన్ కత్తిరించి, మోటారు కాలిపోతే వదిలేసిన పనులు మనం చూశాం కదా!

రెండోది గోడలు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన రోజు ఎవరికి గుర్తులేదు? రేకులు ఎగిరిపోయాయి, చెట్లు పడిపోయాయి. ఇప్పటికీ వాయుగుండం అనగానే గోడ కింద ఇళ్లవాళ్లకు రాత్రంతా టెన్షనే. రాళ్ల గోడలో నీళ్లు బయటికి పోవడానికి రంధ్రాలు వదలాలి. లేకపోతే వాననీరు వెనక మట్టిలో నిండి గోడను ముందుకు నెడుతుంది. పొట్ట ఉబ్బినట్టు గోడ వంగిందంటే అందుకే. అలాంటివి ముందు గుర్తించి, వానల్లోపు సరిచేయించాలి. కొత్త గోడల కన్నా ఇదే ముందు.

మూడోది గెడ్డ, కొండ మీది వాననీళ్లు పోయే కాలువ. చెత్తంతా మనమే వేస్తున్నామని అంటారు. తోపుడుబండి మెట్లెక్కదు, మరి చెత్త ఎవరికివ్వాలి? ఈ కొండవాళ్లనే పనిలో పెట్టి, గ్లౌజులు ఇచ్చి, సరైన జీతం ఇచ్చి, రోజూ చెత్త కిందికి దింపిస్తే గెడ్డలో బరువు చాలా తగ్గుతుంది. ఇక పూడిక సంగతి. పోయినేడాది మా వెనకవీధిలో తీసిన పూడికను గట్టు మీదే కుప్పపోశారు. మూడో రోజు వానకు అదంతా మళ్లీ గెడ్డలోకే జారింది. ఖర్చూ పోయింది, నీళ్లూ ఇళ్లలోకి వచ్చాయి. మే నెలాఖరులోపు తియ్యాలి, తీసిన రోజే లారీకెత్తాలి. లారీ ట్రిప్పుల లెక్క గెడ్డ పక్కనే బోర్డు మీద రాయాలి. మీరే లెక్కపెట్టుకోవచ్చు.

జ్ఞానాపురం, పాతనగరం వాళ్లు ఇంటి గచ్చు మీద పోర్టు బొగ్గు నల్లదుమ్ము తుడుచుకుంటున్నారు. అది మన వార్డు కాకపోయినా కౌన్సిల్లో వాళ్లతో కలిసి నిలబడతాను.

రేపు ఉదయం ఆరింటికి పై మెట్ల దగ్గర నుంచి కొలత టేపు, నోటుబుక్కు పట్టుకుని దిగుతాను. ఏ గోడ వంగిందో, ఏ కొళాయికి నీళ్లు రావడం లేదో మీరు చూపించండి, రాసుకుంటాను. వానొస్తే గొడుగు తెచ్చుకోండి. వానలోనే గెడ్డ ఎక్కడ పొంగుతుందో బాగా కనబడుతుంది.